నెదర్లాండ్స్‌లో సైకిల్‌ని కారు గుద్దితే ఎవరు కట్టాలి? పరిహారం చట్టంలో కొత్తగా ఏం మారింది?

ఈ ఎపిసోడ్‌లో నెదర్లాండ్స్ యాక్సిడెంట్ పరిహారం చట్టం గురించి మాట్లాడుకుందాం. "మనకెందుకు బ్రో?" అంటారేమో. డెల్ఫ్ట్‌లో చదువుకుంటున్న ఫ్రెండో, ఐండోవెన్‌లో జాబ్ చేస్తున్న కజినో మీలో చాలామందికి ఉండే ఉంటారు. అక్కడికి వెళ్లాక వాళ్లు ముందుగా కొనేది సైకిలే. కాబట్టి ఈ వీడియో వాళ్లకి కచ్చితంగా పంపండి.

ముందు బేసిక్ రూల్. వాళ్ల రోడ్డు ట్రాఫిక్ చట్టంలో 185వ ఆర్టికల్ అని ఒకటుంది. కారు వచ్చి సైకిల్ మీద వెళ్లేవాళ్లనో, నడిచి వెళ్లేవాళ్లనో గుద్దితే బాధ్యత మామూలుగా కారు ఓనర్‌దే. తప్పించుకోవాలంటే "నా వైపు నుంచి ఏ పొరపాటూ లేదు, ఇది ఎవరూ ఊహించలేనిది" అని ఆయనే ప్రూవ్ చేసుకోవాలి. అది చాలా కష్టం.

దీని మీద వాళ్ల సుప్రీంకోర్టు ఇంకో రెండు రూల్స్ పెట్టింది. బాధితుడికి 14 ఏళ్లలోపు అయితే, పిల్లాడి తప్పు ఉన్నా సరే, నష్టం మొత్తం 100 శాతం ఇవ్వాలి. 14 దాటినవాళ్లకి కనీసం 50 శాతం. కావాలని చేసినా, దాదాపు కావాలని చేసినంత నిర్లక్ష్యంగా ఉన్నా మాత్రం ఈ రక్షణ ఉండదు.

ఇక్కడ ఒక అపోహ ఉంది: "అక్కడ సైకిల్‌వాడిదే ఎప్పుడూ రైటు" అని. కాదు! మొదటి 50 శాతం గ్యారంటీ, అంతే. మిగతా సగం ఎవరి తప్పు ఎంత అన్నదాన్ని బట్టి. 2019 జులై 1 నుంచి అక్కడ సైకిల్ తొక్కుతూ ఫోన్ చేతిలో పట్టుకోవడం కూడా నేరమే. రీల్ చూస్తూ సిగ్నల్ జంప్ చేశారనుకోండి, ఆ రెండో సగంలో కోత పడుతుంది.

ఇప్పుడు ఈ మధ్య నడుస్తున్న పెద్ద గొడవ: ఫ్యాట్‌బైక్‌లు. లావు టైర్ల ఎలక్ట్రిక్ సైకిళ్లు. తొక్కుతుంటేనే మోటార్ సాయం చేయాలి, 25 కిలోమీటర్ల వేగానికి అది ఆగిపోవాలి, పవర్ 250 వాట్లు దాటకూడదు. ఈ లెక్కలో ఉంటే అది చట్టం దృష్టిలో సైకిలే. యాప్‌లో సెట్టింగ్ మార్చి స్పీడ్ లిమిట్ తీసేస్తే? అప్పుడది మోటారు వాహనం కిందకి వచ్చేస్తుంది. ఇన్సూరెన్స్ ఉండాలి, కానీ ఉండదు. అంటే 185వ ఆర్టికల్ రక్షణ పోవడమే కాదు, మీరే ఎవరినైనా గుద్దితే ఆ ఆర్టికల్ మీ మీదకే తిరుగుతుంది. ఇన్సూరెన్స్ లేని వాహనం గుద్దితే బాధితుడికి డబ్బిచ్చే గ్యారంటీ ఫండ్ ఒకటి అక్కడ ఉంది. అది బాధితుడికి ఇచ్చేసి, ఆ తర్వాత మీ దగ్గర వసూలు చేస్తుంది. ఒక్క సెట్టింగ్‌తో ఏళ్ల తరబడి అప్పు!

సరే, రెండో పెద్ద మార్పు. ఇది డబ్బు గురించి కాదు, దుఃఖం గురించి. చాలా ఏళ్లు డచ్ చట్టంలో, కొడుకు యాక్సిడెంట్‌లో చనిపోతే తల్లిదండ్రులకి అంత్యక్రియల ఖర్చు వచ్చేది, వాళ్లు అతని సంపాదన మీద ఆధారపడి ఉంటే ఆ నష్టం వచ్చేది. బాధకి మాత్రం ఏమీ వచ్చేది కాదు. "దుఃఖానికి రేటు కట్టడమేంటి?" అన్న వాదన గట్టిగా ఉండేది. 2010లో ఒక బిల్లు వాళ్ల ఎగువ సభలో ఓడిపోయింది కూడా. చివరికి 2019 జనవరి 1 నుంచి చట్టం వచ్చింది. మరణం, లేదా తీవ్రమైన శాశ్వత గాయం అయితే దగ్గరివాళ్లలో ఒక్కొక్కరికి 12,500 నుంచి 20,000 యూరోల వరకు ఫిక్స్‌డ్ మొత్తం. ఫిక్స్‌డ్ ఎందుకంటే, "మీరు నిజంగా ఎంత ప్రేమించారు?" అని కోర్టులో ఎవరూ అడగకూడదని.

కానీ లిస్టు చూడండి: భార్యాభర్తలు, కలిసి బతికే పార్ట్‌నర్లు, తల్లిదండ్రులు, పిల్లలు. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు లేరు! చాలా ప్రత్యేకమైన దగ్గరి బంధం ఉందని చూపిస్తేనే వాళ్లకి దారి. నా ఉద్దేశంలో ఈ చట్టంలో మనవాళ్లకి మింగుడుపడని పాయింట్ ఇదే. దేశం కాని దేశంలో ఒకే రూమ్‌లో ఉంటున్న అన్నదమ్ములు కూడా ఆ బంధాన్ని ప్రూవ్ చేసుకోవాల్సిందే.

దీనికి దగ్గర్లోనే ఇంకోటి ఉంది: షాక్ వల్ల కలిగే నష్టం. కళ్ల ముందు ఘోరం చూసి మనసు దెబ్బతిన్నవాళ్లకి పరిహారం ఇవ్వొచ్చని 2002లోనే సుప్రీంకోర్టు చెప్పింది, కానీ షరతులు టైట్‌గా ఉండేవి. 2022 జూన్‌లో వాటిని కొంత వదులు చేసింది. ఘటన ఎంత ఘోరం, బాధితుడితో బంధం ఎంత దగ్గర, దాన్ని ఎలా చూడాల్సి వచ్చింది, ఇవన్నీ కలిపి చూస్తారు. ఫలానా మానసిక వ్యాధి అని పేరు పెట్టి తీరాల్సిన పని లేదు. అర్హత ఉన్న నిపుణుల రిపోర్టు మాత్రం ఉండాలి.

మూడోది మన ఫీల్డ్. యూరోపియన్ యూనియన్ 2024లో కొత్త ప్రొడక్ట్ లయబిలిటీ డైరెక్టివ్ తెచ్చింది. 2026 డిసెంబర్ 9 లోపు సభ్య దేశాలన్నీ, నెదర్లాండ్స్ సహా, దీన్ని తమ చట్టంలో పెట్టుకోవాలి. ఇందులో సాఫ్ట్‌వేర్ కూడా ప్రొడక్టే. అంటే తప్పుడు అప్‌డేట్ వల్ల బండి బ్రేక్ పడక గాయమైతే, "అది కోడ్ మాత్రమే" అని కంపెనీ తప్పించుకోలేదు.

లాస్ట్‌గా, నిజంగా యాక్సిడెంట్ జరిగితే ఏం చేయాలి? ఎమర్జెన్సీ అయితే 112కి కాల్ చేయండి. బండి నంబర్, ఫొటోలు, సాక్షుల కాంటాక్ట్ తీసుకోండి. నొప్పి చిన్నదైనా డాక్టర్‌కి చూపించి రికార్డు చేయించండి. లాయర్ ఫీజు గురించి భయపడొద్దు, సమంజసమైన ఖర్చు బాధ్యత ఉన్నవాళ్లే భరించాలి. మీ తప్పు కూడా ఉంటే అందులోనూ కోత పడొచ్చు. ఇంకో సంగతి, అక్కడ "గాయాల పరిహారం ఎక్స్‌పర్ట్" అని ఎవరైనా బోర్డు పెట్టుకోవచ్చు. "అడ్వొకాట్" అన్న పదం మాత్రం చట్టం కాపాడే టైటిల్. అది చూసుకోండి.

అన్నిటికన్నా ముఖ్యం: గాయం ఎంతవరకు తగ్గుతుందో డాక్టర్లు తేల్చకముందే ఫైనల్ సెటిల్‌మెంట్ మీద సంతకం పెట్టొద్దు. రెండేళ్ల తర్వాత మోకాలు మళ్లీ మొరాయిస్తే, ఆ కాగితం మళ్లీ తెరవడం చాలా చాలా కష్టం. డబ్బు అర్జెంటైతే అడ్వాన్స్ అడగండి, ఇన్సూరెన్స్ కంపెనీలు ఇస్తాయి.

అన్నదమ్ముల్ని కూడా లిస్టులో పెట్టాలా, వద్దా? కామెంట్స్‌లో చెప్పండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం. బై!