బలం మాత్రకూ ఒక లెక్క ఉంది

విటమిన్ మాత్రలను మనం మందుల్లో జమకట్టం. బలానికే కదా, నాలుగు ఎక్కువ వేసుకుంటే ఏమవుతుందని ధీమా. విటమిన్ డి దగ్గర ఆ ధీమా పనికిరాదు.

లోపం ఉన్నవారికి మన డాక్టర్లు తరచుగా రాసేది 60,000 యూనిట్ల డి3 మాత్ర, లేదా అంతే మోతాదున్న పొడి ప్యాకెట్. మామూలుగా వారానికి ఒకటి, అదీ కొన్ని వారాలపాటే. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020 సిఫారసుల ప్రకారం పెద్దలకు రోజుకు కావలసింది 600 యూనిట్లు. అంటే ఒక్క మాత్రలో వంద రోజుల మోతాదు ఉందన్నమాట. దాన్ని పొరపాటున రోజూ వేసుకున్నా, పాత చీటీ చూపించి నెలల తరబడి కొంటూపోయినా ముప్పే. డి కొవ్వులో కరిగే విటమిన్. మిగిలింది మూత్రంలో తేలిగ్గా పోదు, ఒంట్లో పేరుకుంటుంది. రక్తంలో కాల్షియం పెరిగి వాంతులు, మలబద్ధకం, విపరీతమైన దాహం మొదలవుతాయి. ముదిరితే కిడ్నీలు దెబ్బతింటాయి. విటమిన్ ఎ కూడా ఇలాగే పేరుకునేదే. గర్భిణులు దాన్ని ఎక్కువ మోతాదులో వాడితే కడుపులో బిడ్డకు అవకరాలు రావచ్చు.

మోతాదు ఎంత ముఖ్యమో వేళ కూడా అంతే. ఐరన్ మాత్రను టీ, కాఫీలతో వేసుకుంటే ఒంటికి పట్టేది తగ్గిపోతుంది. నిమ్మరసంతో అయితే బాగా పడుతుంది. కాల్షియం, ఐరన్ ఒకే పూట వద్దు. థైరాయిడ్ మాత్రకూ ఈ రెండింటికీ మధ్య నాలుగు గంటల ఎడం ఉండాలి. లేకపోతే థైరాయిడ్ మందు సరిగా పనిచేయదు.

కొన్ని మాత్రలు అసలు జబ్బును కప్పిపెడతాయి. బి12 లోపం ఉన్నవారు ఫోలిక్ యాసిడ్ ఒక్కటే వాడితే రక్తహీనత తగ్గినట్టు కనిపిస్తుంది, లోపల నరాలు దెబ్బతింటూనే ఉంటాయి. శాకాహారులు, షుగర్‌కు మెట్‌ఫార్మిన్ ఏళ్లుగా వాడుతున్నవారు బి12 పరీక్ష సంగతి డాక్టర్‌ను అడగాలి. జుట్టు కోసం వాడే బయోటిన్ అయితే థైరాయిడ్ పరీక్షల అంకెలనే తారుమారు చేయగలదు. రక్తం ఇచ్చే ముందే ఆ మాట చెప్పాలి.

కొనేటప్పుడు డబ్బా వెనక చదవండి. మల్టీవిటమిన్‌లో డి, కాల్షియం మాత్రలోనూ డి ఉంటే రెండూ కలిపి లెక్కవేయాలి. ఈసారి డాక్టర్ దగ్గరకు వెళ్లేటప్పుడు చీటీతోపాటు ఇంట్లో వాడుతున్న బలం మాత్రలన్నీ పట్టుకెళ్లి చూపించండి.