290 కిలోమీటర్లకు గంట ఎందుకు?

విజయవాడ విమానాశ్రయమైన గన్నవరం నుంచి విశాఖపట్నానికి విమానం టికెట్ కొన్నవాళ్లకు ఒక లెక్క తేలదు. రెండు విమానాశ్రయాల మధ్య దూరం సుమారు 290 కిలోమీటర్లు. చిన్న మార్గాల్లో తిరిగే ఏటీఆర్-72 వేగం గంటకు దాదాపు 500 కిలోమీటర్లు. భాగిస్తే 35 నిమిషాలు. టికెట్ మీద మాత్రం గంట అటూ ఇటూగా ఉంటుంది. మిగతా సమయం ఏమైనట్టు?

ముందు దూరం సంగతి. దీన్ని ఎవరైనా కాగితం మీద కట్టుకోవచ్చు. గన్నవరం కంటే విశాఖ 1.19 డిగ్రీలు ఉత్తరాన, 2.43 డిగ్రీలు తూర్పున ఉంది. ఉత్తర దక్షిణాలుగా ఒక డిగ్రీ 111 కిలోమీటర్లు. తూర్పు పడమరలుగా మన అక్షాంశం దగ్గర 106. అంటే 132 కిలోమీటర్లు పైకి, 258 పక్కకి. పైథాగరస్ సూత్రంలో పెడితే 290 వచ్చేస్తుంది. రైలు పట్టాల వెంట అదే దూరం 350.

ఇప్పుడు పటంలో ఆ సరళరేఖ గీయండి. అది రాజమహేంద్రవరం మీదుగా, అన్నవరం, తుని పక్కగా పోతుంది. విమానం 18,000 అడుగుల ఎత్తులో వెళ్తుందనుకుందాం. ఏటీఆర్ అంత ఎత్తుకు ఎక్కేసరికి పావుగంట పడుతుంది, గోదావరి దగ్గరపడుతుంది. దిగడానికి పైలట్లు వాడే లెక్క ఒకటుంది: ప్రతి వెయ్యి అడుగులకూ మూడు నాటికల్ మైళ్లు. ఆ ప్రకారం 18,000 అడుగులు దిగడానికి 100 కిలోమీటర్లు కావాలి. అంటే అన్నవరం రాగానే దిగడం మొదలెట్టాలి! పూర్తి వేగంతో సాగేది గోదావరికీ అన్నవరానికీ నడుమనే. జెట్ విమానమైనా ఇక్కడ పెద్దగా గెలవదు. 10,000 అడుగుల కింద సాధారణంగా 250 నాట్లు, అంటే గంటకు 463 కిలోమీటర్లు దాటకూడదు.

గాలి ఇంకో మెలిక పెడుతుంది. విమానం సాధారణంగా గాలికి ఎదురుగా ఎగురుతుంది, ఎదురుగా దిగుతుంది. గన్నవరం రన్‌వే ఒక కొస పేరు 08, రెండో కొస 26. అవి దిక్సూచి డిగ్రీల్లోని మొదటి అంకెలు. నైరుతి రుతుపవనాల్లో పడమటి గాలి వీస్తే 26 నుంచి పడమరకు ఎగిరి, అక్కణ్ణుంచి విశాఖ వైపు తిరగాలి. విశాఖలోనూ ఆ గాలికి సముద్రం వైపు నుంచి దిగాలి. గన్నవరం నుంచి వచ్చిన విమానం బంగాళాఖాతం మీదికి పోయి వెనక్కి మళ్లుతుంది. అక్కడి రన్‌వే నౌకాదళానిది, ఐఎన్ఎస్ డేగలో ఉంది. కాబట్టి వంతు కోసం ఆగవలసీ రావచ్చు.

పైగా టికెట్ మీది సమయం గాల్లో గడిపేది మాత్రమే కాదు. విమానం నిలిపిన చోటు నుంచి కదిలింది మొదలు, అవతల మళ్లీ ఆగేదాకా లెక్క. దీన్ని బ్లాక్ టైం అంటారు. రన్‌వే దాకా నేల మీద నడవడం, వరసలో నిలబడటం, కాస్త జాప్యానికి వదిలిన వెసులుబాటు, అన్నీ అందులోవే.

ఈ ఎక్కడం, దిగడం, ఆగడం దూరంతో పెద్దగా పెరగవు. తిరుపతి నుంచి విశాఖకు గగనమార్గం 600 కిలోమీటర్లు. రైలుకు దాదాపు రాత్రంతా పడుతుంది కనుక అక్కడ విమానానిదే పైచేయి. విజయవాడ-విశాఖ మధ్య వందేభారత్ నాలుగు గంటల్లో చేరుస్తుంది. గన్నవరం వెళ్లడం, ముందుగా చేరి తనిఖీలు దాటడం కలిపితే విమానంతో మిగిలేది కొద్ది సమయమే. విజయవాడ ఊళ్లో ఉండేవాళ్లకు ఆ దారిలో రైలే మేలు.