పాత చిత్రిక చీప్‌గా దొరికింది సరే, ఆ రేటు న్యాయమేనా?

ఈ ఎపిసోడ్ పాత వడ్రంగి పనిముట్ల గురించి. ఎక్కడ దొరుకుతాయి, ఏం చూసి కొనాలి అన్నది సగం. మిగతా సగం కొంచెం ఇబ్బంది పెట్టే టాపిక్. మనకి అంత చీప్‌గా వచ్చిందంటే అవతల ఎవరి జేబుకి చిల్లు పడింది?

ముందు, కొత్తవి ఉండగా పాతవెందుకు? ఫోన్‌కి అప్‌డేట్స్ ఆగిపోతే పక్కన పడేస్తాం. చిత్రికకి అప్‌డేట్ ఏముంటుంది చెప్పండి. చిత్రిక అంటే చెక్కని నున్నగా చేసేది, తెలంగాణలో చాలామంది మేస్త్రీలు రందా అంటారు. అమెరికాలో లియోనార్డ్ బెయిలీ అనే ఆయన ఇనప చిత్రికలు డిజైన్ చేశాడు, ఆయన కంపెనీని స్టాన్లీ వాళ్లు 1869లో కొనేశారు. వెనకాల చిన్న చక్రం తిప్పితే బ్లేడు పైకీ కిందకీ జరిగే ఆ ఏర్పాటు ఇవాళ కొత్తగా కొన్నా దాదాపు అదే. అందుకే మీ తాతగారి కాలంనాటి నంబర్ 4 చిత్రిక దొరికినా ఈరోజే పనిలో పెట్టొచ్చు. నంబర్ 4 అంటే పొడవు 9 అంగుళాల పైన, బ్లేడు వెడల్పు 2 అంగుళాలు. నంబర్ 5 అయితే 14 అంగుళాల పొడవు. మొదటిసారి కొనేవాళ్లకి ఈ రెండింట్లో ఏదో ఒకటి చాలు.

హైదరాబాద్‌లో అయితే ఎర్రగడ్డ ఆదివారం సంత, లేదా జుమేరాత్ బజార్. జుమేరాత్ అంటేనే గురువారం, సో ఏ రోజు వెళ్లాలో పేరే చెప్తుంది. పొద్దున్నే వెళ్లండి. వేరే ఊళ్లలో పాత ఇనుము కొట్లు, సామిల్లు చుట్టుపక్కల అడగండి. ఆన్‌లైన్‌లో వెతికేటప్పుడు ఇంగ్లిష్ పేరుతో మాత్రమే కొట్టకండి. అమ్మేవాళ్లకి ఆ పేరు తెలియకపోవచ్చు, ‘పాత ఇనప సామాను’ అని ఫోటో పెట్టి వదిలేస్తారు. రందా అని, కార్పెంటర్ సామాన్ అని కూడా కొట్టి చూడండి.

ఇక చేతిలోకి తీసుకున్నాక, తిప్పి అడుగు చూడండి. బ్లేడు బయటికొచ్చే సందు దగ్గర సన్నటి పగులు ఉందా? ఉంటే పెట్టేసి వచ్చేయండి. అది పోత ఇనుము, ఎవరో కింద పడేసుంటారు, దాన్ని వెల్డింగ్ చేసి దారికి తేవడం మన వల్ల అయ్యే పని కాదు. తర్వాత బ్లేడు బయటికి తీసి వెనక వైపు చూడండి. పైపైన తుప్పుకి భయం అక్కర్లేదు. కిరాణా కొట్లో దొరికే నిమ్మ ఉప్పుని నీళ్లలో కలిపి కొన్ని గంటలు నానబెడితే వదిలిపోతుంది. రాత్రంతా మాత్రం వదిలేయకండి, తుప్పు అయ్యాక ఇనుముని కూడా తింటుంది. తీశాక కడిగి, వెంటనే ఆరబెట్టి, నూనె రాయాలి. కానీ పదును అంచు దగ్గర తుప్పు గుంటలు పడితే వేరే కథ, ఆ గుంట ఉన్నంతవరకూ అంచు శుభ్రంగా రాదు. ఉలి కొనేటప్పుడూ ఇదే రూల్. అంచు నీలం రంగులోకి మారి ఉంటే ఎవరో గ్రైండర్ మీద కాల్చేశారని అర్థం, అంతమేరా అరగదీస్తేగానీ పదును నిలవదు. చివరగా మరలు అన్నీ ఉన్నాయో లేదో లెక్కపెట్టండి. స్టాన్లీ మరలు మన హార్డ్‌వేర్ షాపుల్లో దొరికే మెట్రిక్ సైజులు కావు.

ఇప్పుడు రెండో సగం.

కరెంట్ మెషిన్లతో మొదలుపెడదాం, ఎందుకంటే ఇది నీతి కంటే ముందు చట్టం. సీరియల్ నంబర్ గీకేసిన డ్రిల్, బిల్లు లేదు, పెట్టె లేదు, సగం కంటే తక్కువ రేటు. దొంగసొత్తు అని తెలిసి, లేదా నమ్మడానికి కారణం ఉండి కూడా దురుద్దేశంతో తీసుకుంటే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 317 కింద 3 ఏళ్ల వరకు జైలు శిక్ష పడొచ్చు. 2024 జూలై 1కి ముందు ఇదే ఐపీసీ 411. ‘నాకేం తెలుసు’ అంటే అన్నిసార్లూ కుదరదు, ఆ గీకిన నంబరే కారణం. పైగా ఆ డ్రిల్ పోగొట్టుకున్నవాడు ఏ సైట్‌లోనో రోజుకూలీకి చేసే మేస్త్రీ అయితే మెషిన్ ఒక్కటే కాదు, మళ్లీ కొనేదాకా పని కూడా పోయినట్టే.

సంతలో వ్యాపారితో బేరం గురించి నాకు పెద్ద బాధ లేదు. ఆయన కిలో లెక్కన కొన్నాడు, రోజూ అదే పని, 300 అంటాడు, మనం 200 అంటాం. వస్తువుకి రేటు కట్టడం ఆయన వృత్తి.

ఇంటికెళ్లి కొనడం వేరు. నా ఫ్రెండ్ ఒకడికి ఇలాగే అయింది. వడ్రంగి మేస్త్రీ చనిపోయారు, పెట్టె మూల పడి ఉంది. చిత్రిక మీద ఆయుధ పూజ నాటి బొట్లు ఇంకా ఉన్నాయంట. ఆవిడ ‘ఏదో ఒకటి ఇచ్చి తీసుకెళ్లు బాబూ’ అన్నారు. ఇక్కడ లెక్క చూడండి. పెట్టె 12 కిలోలు, పాత ఇనుము కిలో 30 అనుకుంటే 360 రూపాయలు. అదే పీఎం విశ్వకర్మ పథకంలో వడ్రంగికి పనిముట్ల కోసం 15,000 వరకు ఈ-వోచర్ ఇస్తారు. పాత పెట్టె 15,000 చేస్తుందని నేననట్లేదు. 360 మాత్రం కాదు.

‘అమ్మేవాళ్లు ఒప్పుకున్నాక తప్పేంటి బ్రో’ అంటారు కొంతమంది. యాప్‌లో టర్మ్స్ చదవకుండా ఒప్పుకుంటున్నా అని నొక్కుతాం చూడండి, అదీ ఒప్పుకోవడమేగా! ఏం అమ్ముతున్నారో తెలియనప్పుడు ఆ ఒప్పుకోలుకి బలం లేదని నా అభిప్రాయం. ఇంకోటి, ఆవిడకి తెలియదని మనకి తెలుసు.

మావాడు ఏం చేశాడంటే, ఒక్కోటీ తీసి ‘అమ్మా, ఇది మంచిది, దీనికి ఇంత వస్తుంది’ అని చెప్పాడు. మేస్త్రీ దగ్గర పని నేర్చుకున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా అని అడిగాడు. పక్క వీధిలోనే ఒకబ్బాయి ఉన్నాడు. మావాడు మూడు తీసుకుని 2,500 ఇచ్చాడు, మిగతా పెట్టె ఆ అబ్బాయికి పోయింది. ఇప్పటికీ మా గ్రూప్‌లో కొందరు బేరం చెడగొట్టుకున్నావని ఏడిపిస్తుంటారు. నాకైతే అదే కరెక్ట్ రేటు.

అన్నిటికంటే కష్టమైనది, పనిలో ఉన్న మేస్త్రీ డబ్బు అవసరం పడి తన చిత్రికే అమ్ముతుంటే. కొంటే రేపు పనికి చేతిలో ఏముంటుంది? కొనకపోతే ఇంకొకడు ఇంకా తక్కువకి కొంటాడు, ఆయన అవసరం మాత్రం అలాగే ఉంటుంది. నీతి మాట చెప్పి చేతులు దులుపుకోవడం ఆయనకి ఏం ఉపయోగపడదు. నేనైతే పూర్తి రేటు ఇచ్చి, రెండు నెలలు వాడకుండా పక్కన పెడతాను, అదే డబ్బుకి వెనక్కి తీసుకోవచ్చని చెప్తాను. లేదా ఇంట్లో స్టూలో, షెల్ఫో పని ఉంటే అడ్వాన్స్ ఇస్తాను.

వచ్చే ఎపిసోడ్‌లో కొన్నదానికి పదును పెడదాం. ఒక మందపాటి అద్దం ముక్క, 80, 220, 400, 1000 నంబర్ల గరుకు కాగితాలు తెచ్చి పెట్టుకోండి.