యుద్ధం నేర్చుకున్న నేల

మొదటి ప్రపంచ యుద్ధపు ఆనవాళ్ళు అనగానే ఫ్రాన్స్, బెల్జియం పొలాలే గుర్తుకొస్తాయి. అక్కడికి బయలుదేరే ముందు సైనికులు తర్ఫీదు పొందిన చోట్లను పురావస్తు శాస్త్రజ్ఞులు చాలాకాలం అంతగా పట్టించుకోలేదు. కానీ ఒక సైన్యం పోరాడడం ఎలా నేర్చుకుందో తెలియాలంటే రణరంగం కన్నా ఈ శిక్షణ భూములే మేలైన ఆధారమని నా అభిప్రాయం. రణరంగంలో ఫిరంగి గుండ్లు నేలను పదేపదే తిరగదోడాయి. మిగిలినదాన్ని రైతులు పూడ్చి సాగులోకి తెచ్చుకున్నారు. శిక్షణ భూముల్లో తవ్విన కందకం చాలాచోట్ల తవ్విన తీరుగానే మట్టి కింద ఉండిపోయింది.

ఇందుకు ఇంగ్లండ్‌లోని సాలిస్‌బరీ మైదానమే సాక్ష్యం. స్టోన్‌హెంజ్‌కు దగ్గరలోని లార్క్‌హిల్‌లో సైనిక కుటుంబాలకు ఇళ్ళు కట్టడానికి ముందు వెసెక్స్ ఆర్కియాలజీ సంస్థ తవ్వకాలు జరిపింది. ఇలాంటి కందకాల జాడను తవ్వకముందే పట్టవచ్చు. పూడిన కందకంలో తేమ ఎక్కువ నిలుస్తుంది కాబట్టి దానిపై పైరు ఏపుగా పెరుగుతుంది; ఆకాశం నుంచి తీసిన ఫొటోల్లో ఆ గీతలు తెలుస్తాయి. చెట్ల కింద దాగినవాటిని లైడార్ లేజర్ కిరణాలు పట్టిస్తాయి. అయస్కాంత సర్వేకు మాత్రం ఇలాంటి చోట చిక్కే, ఇనుప ముక్కలు ఎక్కువైతే అసలు గీతలు వాటి మాటున మరుగున పడతాయి.

లార్క్‌హిల్ కందకాలు తిన్నగా సాగవు, మూలలు తిరుగుతూ పోతాయి. ఒకచోట గుండు పేలితే దాని దెబ్బ కందకం పొడవునా పాకకుండా, ఒక కొసను పట్టుకున్న శత్రువు రెండో కొస దాకా కాల్చలేకుండా ఈ ఏర్పాటు. నేల కింద శత్రు స్థావరాల దాకా సొరంగం తవ్వి మందుపాతర పెట్టడం, ఎదుటివాడి సొరంగం చప్పుడును చెవియొగ్గి వినడం కూడా ఇక్కడే సాధన చేశారు. ఫ్రాన్స్‌లోని సోమ్ ప్రాంతంలోనూ ఇలాంటి సుద్దనేలే కాబట్టి ఈ సాధన వృథా పోలేదు. 200కు పైగా గ్రెనేడ్లు బయటపడగా వాటిలో సగం ఇంకా పేలే స్థితిలో ఉన్నాయి. ఇక్కడ తవ్వకమంటే పేలుడు పదార్థాల నిపుణుణ్ణి పక్కన పెట్టుకుని చేసే పని.

సుద్దగోడల మీద సైనికులు చెక్కిన రాతలు నూటికి పైగా దొరికాయి. వాటిలో ఒకటి ఆస్ట్రేలియా సైన్యంలో పనిచేసిన లారెన్స్ కార్తేజ్ వెదర్స్ సంతకం. 1918 సెప్టెంబరులో చూపిన సాహసానికి అతనికి విక్టోరియా క్రాస్ దక్కింది. ఆ నెలాఖరులోనే గాయాలతో చనిపోయాడు. తర్ఫీదు రోజుల్లో అతను ఇంకా ఎవరికీ తెలియని మామూలు సిపాయి. సైనిక దస్తావేజులు పతకాన్ని నమోదు చేస్తాయి గాని, విరామంలో గోడ మీద పేరు గీసుకున్న క్షణాన్ని నమోదు చేయవు.

స్టాఫర్డ్‌షైర్‌లోని కానక్ చేజ్‌లో దొరికింది ఇంకో రకం ఆధారం. బెల్జియంలోని మెసీన్ గుట్టను 1917 జూన్ 7న మొదలైన దాడిలో మిత్రసేనలు గెలుచుకున్నాయి. ఆ పోరులో పాల్గొన్న న్యూజిలాండ్ రైఫిల్ బ్రిగేడ్ వాళ్ళు, తర్వాత తమ శిబిరంలో మెసీన్ ఊరి నమూనాను కాంక్రీటుతో కట్టించారు. వీధులు, కందకాలు, నేల ఎత్తుపల్లాలు అన్నీ చిన్న కొలతలో ఉన్నాయి. కట్టడంలో జర్మన్ యుద్ధఖైదీల చేతులూ ఉన్నాయి! తమవాళ్ళు పోగొట్టుకున్న ఊరినే వాళ్ళు పరాయి గడ్డ మీద మళ్ళీ కట్టారు. గెలిచిన యుద్ధాన్ని నమూనాగా కట్టడంలో పాఠం ఎంతో, జ్ఞాపకం అంతే ఉందనిపిస్తుంది.

2013లో ఈ నమూనాను వెలికితీసి, లేజర్ స్కానింగ్‌తో పూర్తిగా నమోదు చేసి, మళ్ళీ మట్టితో కప్పేశారు. చూడాలనుకున్న జనానికి అది నిరాశే. అయినా ఎండకు, మంచుకు, అడుగుల తాకిడికి ఆ పలచటి కాంక్రీటు తట్టుకోలేదు కాబట్టి కప్పేయడమే సరైన నిర్ణయం.