ఒక్క నిమిషం ఆయాసం

నేను తెలుగు పాఠం చెప్పుకుని బతికేవాణ్ణి. మా కళాశాలలో తెలుగు తరగతి మూడో అంతస్తులో ఉంది. మాతృభాషకు అంత ఉన్నతస్థానం ఇచ్చినందుకు సంతోషించవలసిందే గాని, అక్కడికి చేరాలంటే అరవై ఆరు మెట్లెక్కాలి.

పోయిన ఏడాది ఆషాఢంలో ఒకనాడు మనుచరిత్ర చెబుతున్నాను. పాదలేపం పూసుకున్న ప్రవరుడు హిమాలయం చేరాడు. ఆ పద్యం రాగం తీసి అందుకున్నాను. రెండో పాదం మధ్యలో ఊపిరి చాలలేదు. బల్ల పట్టుకుని నిలబడిపోయాను. కుర్రాళ్ళు నవ్వుతారనుకున్నాను, నవ్వలేదు. ముందు వరసలో అమ్మాయి లేచి మంచినీళ్ళ సీసా తెచ్చి ఇచ్చింది. దానికంటె నవ్వినా బాగుండేదనిపించింది.

నాకు నలభై ఆరేళ్ళు. మా నాన్నగారు నలభై తొమ్మిదో ఏట, పెరట్లో పూజకు పువ్వులు కోస్తూ కూలిపోయారు. ఆ సంగతి మా ఇంట్లో ఎవరూ ఎత్తరు. ఆ సాయంత్రం నేను తరగతిలో జరిగింది చెబుతూ ఉంటే, వత్తులు చేసుకుంటున్న మా అమ్మ చెయ్యి ఆపి నా మొహంకేసి చూసింది. ఏమీ అనలేదు.

మర్నాడే డాక్టరు గారి దగ్గరికి వెళ్ళాను. గుండె పరీక్షలన్నీ చేయించి, ‘‘గుండెకు జబ్బు లేదండీ, అలవాటు లేదు. రక్తపోటు కొంచెం ఎక్కువ, చక్కెర గీత మీద ఉంది. రోజూ గంటసేపు నడవండి’’ అన్నారు.

‘‘గంట నాకెక్కడిదండీ! పాఠాలు, పేపర్లు దిద్దడం, పిల్లల చదువులు...’’ అంటూ మొదలుపెట్టాను. పక్కనే ఉన్న మా ఆవిడ, ‘‘ఫోను చూడ్డానికి దొరికే గంట, నడకనేసరికి ఎక్కడికి పోతుందండీ?’’ అంది. డాక్టరు గారు నవ్వి, ‘‘పోనీ, రోజుకు పది నిమిషాలివ్వగలరా? అందులో ఒక్క నిమిషం మాత్రం గట్టిగా కష్టపడాలి’’ అన్నారు. ఆయన ఇంకా ఏదో చెబుతూనే ఉన్నారు. నాకు ‘ఒక్క నిమిషం’ అన్నమాటే వినిపించింది.

తెల్లవారి గోదావరి గట్టుకు వెళ్ళి, రేవు మెట్లు కింది నుంచి పైకి ఒక్క పరుగున ఎక్కాను. పైమెట్టు మీద పిక్క పట్టేసింది, కళ్ళు తిరిగాయి, చతికిలబడ్డాను. అక్కడ ఎవరిచేతో తర్పణాలు విడిపిస్తున్న పురోహితులవారు తల తిప్పి, ‘‘బాబుగారు కార్యానికే వచ్చారా?’’ అని అడిగారు. లేదని కుంటుకుంటూ ఇంటికి చేరాను.

కాలికి కాపడం పెడుతూ మా అమ్మ అంది: ‘‘వెర్రినాయనా, మా చిన్నప్పుడు వడ్లు దంచేవాళ్ళం. రోకలి పట్టుకోగానే జోరుగా దంచేవాళ్ళమా? మొదట నెమ్మదిగా, తర్వాత పాట అందుకుని జోరుగా. ఇరవై ముప్ఫై పోట్లు వేసి రోకలి పక్కదానికి అందించి, చెమట తుడుచుకుని, మళ్ళీ అందుకునేవాళ్ళం. అలసట తీరకుండా ఎవరు దంచగలర్రా?’’

డాక్టరు గారు చెబుతూ ఉంటే నేను వినిపించుకోని భాగం సరిగ్గా అదే! చెడుగుడు ఆడేవాడూ అంతే కదా. కూతకు వెళ్ళి ముప్ఫై సెకన్లలో సర్వశక్తులూ ఒడ్డి, తిరిగివచ్చి ఊపిరి తీసుకుని, మళ్ళీ కూతకు వెళతాడు. పరుగుపందెగాళ్ళకు ఈ సంగతి ఎప్పుడో తెలుసు. 1952 హెల్సింకి ఒలింపిక్సులో ఐదువేల మీటర్లు, పదివేల మీటర్లు, మారథాన్ మూడూ గెలిచిన ఎమిల్ జాటోపెక్ సాధన అంతా నాలుగువందల మీటర్లు వేగంగా పరుగెత్తడం, కాస్త నెమ్మదించడం, మళ్ళీ పరుగెత్తడం.

అవి మహావీరుల మాటలు. మనబోటివాళ్ళ సంగతేమిటని పుస్తకాలు తిరగేశాను. జపానులో ఇజుమి తబాతా అనే శాస్త్రజ్ఞుడు 1996లో ప్రచురించిన పరిశోధన ఒకటుంది. ఒక జట్టు యువకులు రోజుకు గంటసేపు ఓ మోస్తరుగా సైకిలు యంత్రం తొక్కారు. రెండో జట్టు ఇరవై సెకన్లు ప్రాణం పెట్టి తొక్కడం, పది సెకన్లు ఆగడం – ఇలా ఏడెనిమిదిసార్లు, అంతా కలిపి నాలుగు నిమిషాలు. ఆరు వారాలయ్యేసరికి ఒంటికి ప్రాణవాయువును వాడుకునే శక్తి రెండు జట్లలోనూ పెరిగింది. హఠాత్తుగా వచ్చిపడే శ్రమను తట్టుకునే బలం మాత్రం రెండో జట్టులోనే నూటికి 28 వంతులు పెరిగింది.

కెనడాలో మార్టిన్ గిబాలా బృందం 2016లో నావంటి కదలని మనుషుల మీద పరీక్ష చేసింది. వారానికి మూడు రోజులు, రోజుకు పది నిమిషాలు. అందులో ఇరవై సెకన్ల చొప్పున మూడుసార్లు మాత్రమే తీవ్రశ్రమ, మిగిలినదంతా నెమ్మది. పన్నెండు వారాల తర్వాత చూస్తే, రోజుకు ముప్పావుగంట తొక్కినవారితో సమానంగా వీరికీ దమ్ము పెరిగింది. 2019లో మెట్ల మీదా పరీక్ష జరిగింది. అరవై మెట్లు వేగంగా ఎక్కడం, రోజుకు మూడు దఫాలు, దఫాకూ దఫాకూ మధ్య గంటల వ్యవధి, వారానికి మూడు రోజులు. ఆరు వారాల్లో వారి దమ్ము సుమారు నూటికి 5 వంతులు పెరిగింది. అది చదివి, ఇన్నాళ్ళూ నేను తిట్టుకున్న మూడో అంతస్తుకు మనసులోనే నమస్కారం పెట్టాను.

కారణం సులభంగానే బోధపడుతుంది. గట్టిగా శ్రమపడినప్పుడు కండరం తనలో దాచుకున్న చక్కెరను గబగబా ఖర్చుచేస్తుంది. ఆ లోటు పూడ్చుకోడానికి తర్వాత రక్తంలో చక్కెరను లాక్కుంటుంది. ఇలా పదేపదే జరిగితే కండరాల్లో శక్తిని పుట్టించే మైటోకాండ్రియాలు పెరుగుతాయి. గుండె ఒక్కొక్క పోటుకు ఎక్కువ రక్తం తోడటం నేర్చుకుంటుంది.

ఇప్పుడు నేను చేసేది చెబుతాను. ముందు మూడు నిమిషాలు మామూలు నడక. తర్వాత ఇరవై సెకన్లు మాట్లాడలేనంత వేగంగా మెట్లెక్కడం. దిగి రెండు నిమిషాలు నెమ్మదిగా నడవడం. ఇలా మూడుసార్లు. చివర మళ్ళీ కాసేపు నడక. రోజు విడిచి రోజు. మొదటి నెలంతా వేగంగా నడవడమే గాని మెట్ల జోలికి పోలేదు. నలభై దాటినవారు, రక్తపోటు, మధుమేహం, గుండెజబ్బు ఉన్నవారు డాక్టరు గారికి చూపించుకోకుండా మొదలుపెట్టకూడదు. ఛాతీలో నొప్పి గాని, కళ్ళు తిరగడం గాని కలిగితే అక్కడితో ఆగి, వెంటనే వైద్యానికి వెళ్ళాలి. రేవు మెట్ల మీద నేను చేసినట్టు ఎవరూ చెయ్యవద్దు.

ఇల్లు కదలడానికి వీలులేని అమ్మలకూ ఇందులో పాలుంది. వ్యాయామం చెయ్యని పాతికవేల మంది బ్రిటనువాసుల కదలికలను చేతి యంత్రాలతో కొలిచి, వారిని సుమారు ఏడేళ్ళు గమనించి 2022లో ఒక నివేదిక ప్రచురించారు. బరువులు మోస్తూ వేగంగా నడవడం, మెట్లెక్కడం వంటివి నిమిషం రెండు నిమిషాల చొప్పున రోజుకు మూడుసార్లు చేసినవారిలో, అసలు చెయ్యనివారికంటె మరణాలు నూటికి సుమారు 38 వంతులు తక్కువట. అదొక్కటే కారణమని తేల్చి చెప్పలేం గాని, తోసిపుచ్చదగిన మాటా కాదు.

ఎనిమిది నెలలైంది. నేనేమీ కోడి రామమూర్తిని కాలేదు. పొట్ట అంగుళమే తగ్గింది. రక్తపోటు మాత్ర వేసుకుంటూనే ఉన్నాను. చక్కెర మాత్రం గీత కిందికి దిగింది. నడక కూడా అలవాటై, ఆదివారాలు గట్టు మీద గంటసేపు తిరుగుతున్నాను. గంట ఎక్కడిదని మా ఆవిడ ఇప్పటికీ అడుగుతుంది.

ఈమధ్య మళ్ళీ ప్రవరుడి పాఠం వచ్చింది. మెట్లెక్కి, బల్ల దగ్గర నిలబడి, పద్యం నాలుగు పాదాలూ ఎక్కడా తెగకుండా చదివాను. ఇంటికి వచ్చి మా అమ్మకు చెప్పాను. ‘‘ఏదీ, చదువు’’ అంది. చదివాను. కళ్ళు తుడుచుకుని మళ్ళీ వత్తులు చేసుకుంటూ, ‘‘మీ నాన్న కూడా ఈ పద్యం బాగా చదివేవాడురా’’ అంది. ఆయన మాట మా ఇంట్లో చాలా ఏళ్ళకు వినబడింది.