ఎముక అతికాక... కరిగిపోయే కడ్డీ!

జనగామ బస్టాండులోనో, మహబూబాబాద్ స్టేషన్‌లోనో, భూపాలపల్లి నుంచి హన్మకొండ వెళ్లే బస్సులోనో... చంకలో పెద్ద ఎక్స్‌రే కవరు పెట్టుకున్న మనిషి ఎవరో ఒకరు కనిపిస్తారు. పలకరిస్తే 'కాలుల రాడ్డున్నది, తీపిచ్చుకోవాలె' అంటారు. ఎముక ఎప్పుడో అతికింది. నడక వచ్చింది. అయినా మళ్లీ మత్తుమందు, మళ్లీ కోత, మళ్లీ కుట్లు! పోయిన కూలి, తోడు వచ్చినవాళ్ల ఖర్చు ఏ ఆసుపత్రి బిల్లులోనూ కనిపించవు.

పెద్దవాళ్లకు వేసిన స్టీలు, టైటానియం ప్లేట్లను ఇబ్బంది లేకపోతే అలాగే వదిలేస్తారు. గుచ్చుకున్నా, స్క్రూ వదులైనా, చీము పట్టినా తీయక తప్పదు. ఎదిగే పిల్లల్లోనైతే చాలాసార్లు తీసేస్తారు. మరి పని అయిపోగానే ఆ లోహమే ఒంట్లో కరిగిపోతే?

కొత్త ఆలోచనేం కాదు. బెల్జియం సర్జన్ ఆల్బిన్ లాంబోట్ 20వ శతాబ్దం మొదట్లోనే విరిగిన కాలికి మెగ్నీషియం ప్లేటు వేశాడు. బంగారు పూత పూసిన స్టీలు మేకులతో బిగించాడు. ఎనిమిది రోజులకే ప్లేటు ముక్కలైంది, చర్మం కింద గ్యాస్ చేరి ఉబ్బింది! రెండు వేర్వేరు లోహాలు, మధ్యలో ఉప్పగా ఉండే ఒంటి ద్రవం... అచ్చంగా బ్యాటరీయే. అందులో మెగ్నీషియం శరవేగంగా తినేసుకుపోయింది. ఆ గ్యాస్ హైడ్రోజన్.

నిజానికి లోహం సబ్బుబిళ్లలా సమంగా అరిగిపోతే బాధ లేదు, ఎన్నాళ్లుంటుందో లెక్క కట్టొచ్చు. తంటా అంతా పగుళ్లతోనే. మెగ్నీషియం మీద అక్కడక్కడా సన్నటి గుంటలు పడతాయి. మనిషి అడుగు వేసినప్పుడల్లా భారమంతా ఆ గుంట దగ్గరే పోగవుతుంది, అక్కడ చీలిక మొదలవుతుంది. హైడ్రోజన్ లోహంలోకి దూరి దాన్ని పెళుసుగా మారుస్తుంది. అందుకే గాల్లో మోసినంత బరువును అదే కడ్డీ ఒంటి ద్రవంలో మోయలేదు. పిక్క ఎముక గట్టిపడాలంటే మూడు నుంచి ఆరు నెలలు కావాలి. కడ్డీ చాలావరకు మిగిలి ఉండగానే, ఎముక అతక్కముందే పుటుక్కుమంటే? తప్పించుకోవాలనుకున్న రెండో ఆపరేషన్ ముందే వచ్చి పడుతుంది!

ఇనుముది దీనికి పూర్తిగా వ్యతిరేకమైన గొడవ. అది ఓ పట్టాన కరగదు. హైదరాబాద్ బాలాపూర్‌లోని ఏఆర్‌సీఐ, తిరువనంతపురంలోని శ్రీచిత్ర సంస్థ కలిసి ఇనుములో 29 శాతానికి మించి మాంగనీసు కలిపిన లోహాన్ని తయారుచేసినట్లు 2020లో వెల్లడైంది. దీన్ని అయస్కాంతం లాగదు కాబట్టి ఎమ్మారైకి అడ్డు రాదు. శరీర ద్రవాన్ని పోలిన ద్రావణంలో ఏడాదికి 0.026 నుంచి 0.14 మిల్లీమీటర్లు అరిగింది. ఎక్కువ వేగాన్నే తీసుకున్నా ఒక వైపు నుంచి మిల్లీమీటరు అరగడానికి ఏడేళ్లు! గుండె రక్తనాళాల్లో వేసే వెంట్రుకంత సన్నని స్టెంట్లకైతే సరే, మందపాటి ప్లేటుకు మాత్రం చాలా నెమ్మదే.

మెగ్నీషియం స్క్రూలకు 2013లో ఐరోపాలో, 2015లో దక్షిణ కొరియాలో అనుమతి వచ్చింది. వాడుతున్నది ఎక్కువగా కాలివేళ్లు, చేతుల్లోని చిన్న ఎముకలకే. తొడ ఎముక భారం మోసే కరిగే కడ్డీ ఇంకా రాలేదు.

మహబూబాబాద్‌లో 2022లో, జనగామ, భూపాలపల్లిల్లో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. ఒంట్లో రాడ్డున్నవాళ్లు డాక్టరును అడగాల్సినవి రెండే: తీయాలా వద్దా, తీస్తే ఎప్పుడు? అది ఏ లోహమో కాగితం మీద రాయించుకుని ఎక్స్‌రే కవర్లో దాచుకుంటే మంచిది. రేపు ఎమ్మారైకి వెళ్తే ముందు అడిగేది అదే.