ఊళ్లన్నియు కలిసి మాన్పిన దురాచారము

పశ్చిమ ఆఫ్రికాలోని సెనెగల్ దేశమందు కొన్ని తెగలలో బాలికల జననాంగములను కోయు ఆచారము తరతరములుగా వచ్చుచుండెను. దీనివలన అధిక రక్తస్రావము, చీము పట్టుట, కాన్పు కష్టమగుట మొదలగు బాధలు కలుగును, ప్రాణమే పోవచ్చును. ఆరోగ్యమునకు మేలు ఏమాత్రమును లేదు.

అయినను తల్లులు దీని నేల మానరైరి? బిడ్డలపై ప్రేమ లేక కాదు. కోత జరుగని పిల్లను ఎవరును కోడలిగా చేసికొనరను భయమే కారణము.

1991లో ఏర్పడిన టోస్టాన్ సంస్థ పల్లె స్త్రీలకు వారి భాషలలోనే చదువును, ఆరోగ్య విషయములను, మానవ హక్కులను బోధించెను. అట్లు చదివిన మాలికుండా బంబారా గ్రామ స్త్రీలు 1997 జూలై 31న ఈ ఆచారమును విడిచితిమని బహిరంగముగా ప్రకటించిరి. ఒక్క ఊరు మానినచో చాలదనియు, పిల్లల నిచ్చి పుచ్చుకొను ఊళ్లన్నియు కలిసి మానవలెననియు కేర్ సింబారా గ్రామపు ఇమాము దెంబా దియావారా గ్రహించెను. ఆయన బంధుగ్రామములకు కాలినడకన పోయి, ఎవరిని నిందింపక, పెద్దలతో మాటలాడెను. 1998 ఫిబ్రవరిలో 13 గ్రామములవారు ఒక్కటిగా ప్రతిజ్ఞ చేసిరి. 1999 జనవరిలో ప్రభుత్వము శాసనము చేసెను. ఆచారము పూర్తిగా అంతరింపలేదు; కాని తరువాత వేలాది గ్రామములు ఈ మార్గమునే అనుసరించినవి.

మన పల్లెలలో బాల్యవివాహములు, వరకట్నము సైతము ఇట్టి భయమువలననే నిలిచియున్నవి. 'మేమొక్కరము మానినచో మా పిల్లకు సంబంధము వచ్చునా' యని ప్రతి తండ్రియు సందేహించును. చట్టము అవసరమే. దానికి తోడు వియ్యమందు గ్రామముల పంచాయతీలు కలిసి కూర్చుండి ఒక్కమాటపై నిలిచినచో ఆ సందేహము తొలగును. అట్టి సమావేశమునకు సభ్యులు పూనుకొనవలెనని కోరుచున్నాము.